చెత్త ఆటో వచ్చేలోపు: మీ ఇంటి చెత్తలో ఏది రీసైకిల్ అవుతుంది? ఏది కాదు?

పొద్దున్నే వీధి చివర చెత్త ఆటో పాట వినిపిస్తుంది. హడావుడిగా వంటింట్లోకి వెళ్లి, నిండిన డస్ట్‌బిన్ కవర్‌కు ముడి వేసి గేటు దగ్గర పెట్టేస్తాం. ఆ కవర్లో ఏముందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. రాత్రి మిగిలిన సాంబారన్నం, రెండు పాల ప్యాకెట్లు, కూరగాయల తొక్కలు, ఆన్‌లైన్ ఆర్డర్ వచ్చిన అట్టపెట్టె, పాప డైపర్, టీవీ రిమోట్‌లోంచి తీసేసిన బ్యాటరీలు.

విడివిడిగా ఉంటే వీటిలో ప్రతిదానికీ ఒక దారి ఉంది. సాంబారన్నం, తొక్కలు ఎరువవుతాయి. పాల ప్యాకెట్లు, అట్టపెట్టె మళ్లీ ముడిసరుకవుతాయి. కానీ రాత్రంతా ఒకే కవర్లో ఉన్నాక అట్ట నానిపోతుంది, ప్యాకెట్లకు జిడ్డు పడుతుంది, అన్నంలో బ్యాటరీ చేరుతుంది. ఇక దేన్నీ కొనేవారుండరు. ఆ కవర్‌ను విప్పి వేరు చేయాల్సి వస్తే ఆ పని ఆటో మీదున్న కార్మికుల చేతులపై పడుతుంది.

అంటే మీ చెత్త రీసైకిల్ అవుతుందా లేదా అన్నది చాలావరకు తేలిపోయేది డంపింగ్ యార్డులో కాదు, మీ వంటింట్లోనే. మరి దేన్ని ఎందులో వేయాలి? కడగాలా, అక్కర్లేదా? వేరు చేసినా ఆటోలో కలిపేస్తున్నారు కదా? ఒక్కొక్కటిగా చూద్దాం.

కలిపేస్తే ఏమవుతుంది?

హైదరాబాద్‌లో ఇళ్ల నుంచి చెత్త తీసుకున్న ఆటోలు ముందుగా ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు వెళ్తాయి. అక్కడ చెత్తను పెద్ద వాహనాల్లోకి మార్చి, నగర శివార్లలోని జవహర్‌నగర్ యార్డుకు పంపుతారు. విశాఖపట్నం చెత్త కాపులుప్పాడకు వెళ్తుంది. ఏ నగరమైనా తీరు ఇదే: ఇల్లు, ఆటో, పెద్ద లారీ, యార్డు.

మన నగరాల చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. దాన్ని ప్లాస్టిక్ కవర్లో బిగించి గుట్టలో పడేస్తే గాలి ఆడదు. గాలి లేకుండా కుళ్లినప్పుడు మీథేన్ పుడుతుంది. ఇది మండే వాయువు. డంపింగ్ యార్డుల్లో మంటలు అంటుకోవడానికి, అవి త్వరగా ఆరకపోవడానికి ఇదో ముఖ్య కారణం. గుట్టల నుంచి ఊరే నల్లటి నీరు నేలలోకి ఇంకి చెరువులను, బోరు నీటిని పాడుచేస్తుంది. జవహర్‌నగర్ చుట్టుపక్కల కాలనీల వాళ్లు ఏళ్ల తరబడి చెబుతున్న బాధ ఇదే: దుర్వాసన, పాడైన నీళ్లు.

‘చెత్తతో కరెంటు తయారుచేస్తున్నారు కదా, ఇక వేరు చేయడం ఎందుకు?’ అనే సందేహం రావచ్చు. జవహర్‌నగర్‌లో 24 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉన్న మాట నిజమే. గుంటూరు, విశాఖల్లోనూ అలాంటి ప్లాంట్లున్నాయి. కానీ పొయ్యిలో తడి కట్టె పెడితే ఏమవుతుందో అక్కడా అదే అవుతుంది. తడి చెత్త కలిసేకొద్దీ, వచ్చే వేడిలో చాలా భాగం ఆ తేమను ఆర్చడానికే ఖర్చవుతుంది. తిరిగి వాడుకోగలిగిన అట్ట, ప్లాస్టిక్ కూడా దాంతోపాటే కాలిపోతాయి.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం ఇంట్లో చెత్తను మూడు రకాలుగా వేరు చేయాల్సి ఉండేది. వాటి స్థానంలో కేంద్ర పర్యావరణ శాఖ 2026లో కొత్త నిబంధనలు తెచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే వీటి ప్రకారం చెత్తను ఇంటి దగ్గరే నాలుగు రకాలుగా వేరు చేయడం తప్పనిసరి.

1. తడి చెత్త: మిగిలిన అన్నం, కూరలు, కూరగాయల తొక్కలు, పండ్ల తొక్కలు, టీ పొడి, గుడ్డు పెంకులు, మాంసం ఎముకలు, వాడిన పూలు, అరిటాకులు, విస్తరాకులు.

2. పొడి చెత్త: కాగితం, అట్ట, ప్లాస్టిక్, ఇనుము, అల్యూమినియం, గాజు, రబ్బరు, చెక్క, పాత బట్టలు.

3. శానిటరీ చెత్త: డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, కండోమ్‌ల వంటివి.

4. ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాల్సిన చెత్త: రంగు డబ్బాలు, బల్బులు, పాదరసం థర్మామీటర్లు, గడువు తీరిన మందుల వంటివి.

దీనికోసం నాలుగు కొత్త డబ్బాలు కొనాల్సిన పని లేదు. ఆకుపచ్చ డబ్బా తడి చెత్తకు, నీలం డబ్బా పొడి చెత్తకు మనకు ఇప్పటికే అలవాటు. శానిటరీ చెత్తకు బాత్‌రూమ్‌లో మూతున్న చిన్న డబ్బా చాలు. నాలుగో రకం ఎప్పుడో గానీ రాదు కాబట్టి, పిల్లలకు అందని చోట ఒక పాత చెప్పుల అట్టపెట్టె పెట్టుకుంటే నెలల తరబడి సరిపోతుంది.

పాల ప్యాకెట్‌ను ఎలా కత్తిరించాలి?

మన ఇళ్లలో రోజూ వచ్చే ప్లాస్టిక్ పాల ప్యాకెట్టే. రోజుకు రెండు ప్యాకెట్లు వాడే ఇంట్లో ఏడాదికి 730 కవర్లు పోగవుతాయి. ఈ కవర్ పాలిథీన్‌తో చేసినది. శుభ్రంగా ఉంటే రీసైకిల్ అవుతుంది, స్క్రాప్ దుకాణాల్లో దానికి ధర ఉంటుంది. పాలు అంటుకుని పులిసిన కవర్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోరు.

చేయాల్సినవి మూడే పనులు. మొదటిది, మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్కను పూర్తిగా ఊడిపోనివ్వకండి. కవర్‌కే వేలాడేలా వదిలేయండి. ఊడిన ముక్క అంత చిన్నది కాబట్టి ఎవరూ ఏరరు. అది సింక్ గొట్టంలోకో, మురికి కాలువలోకో, మట్టిలోకో చేరుతుంది. రెండోది, కవర్లో కాసిన్ని నీళ్లు పోసి కడగండి. ఆ నీళ్లు కుండీలో పోస్తే మొక్కలకు సరిపోతాయి. మూడోది, సింక్ పక్కన గోడకు ఒక క్లిప్పు పెట్టి ఆరనివ్వండి. ఆరిన కవర్లను ఒకదానిలో ఒకటి దూర్చి దాచుకుంటే నెల సరుకు ఒక చిన్న సంచిలో పడుతుంది.

పెరుగు డబ్బా, నూనె ప్యాకెట్, సాస్ సీసా, హోటల్ పార్శిల్ డబ్బా అన్నిటికీ ఇదే సూత్రం. సబ్బు పెట్టి తోమక్కర్లేదు. గిన్నెలు తోమాక మిగిలిన నీళ్లతో ఒకసారి తొలిస్తే చాలు. వాసన రాకుండా, చీమలు పట్టకుండా ఉంటే సరిపోతుంది.

నీలం డబ్బాలో వేసినవన్నీ రీసైకిల్ అవుతాయా?

కావు. చాలామందికి తెలియని విషయం ఇదే.

ప్లాస్టిక్ వస్తువు అడుగున మూడు బాణాల త్రికోణం, అందులో 1 నుంచి 7 వరకు ఏదో ఒక అంకె ఉంటుంది. అది ఏ రకం ప్లాస్టికో చెప్పే గుర్తు. అంకె ఉన్నంత మాత్రాన అది రీసైకిల్ అవుతుందని కాదు. 1 అంకె ఉన్న నీళ్ల సీసాలు, 2 ఉన్న షాంపూ, ఫినాయిల్ సీసాలు, 5 ఉన్న పార్శిల్ డబ్బాలు, బకెట్ల వంటివి స్క్రాప్ వాళ్లు తీసుకుంటారు. 6 అంటే థర్మకోల్ రకం. తేలిగ్గా ఉండి ఎక్కువ చోటు తింటుంది కాబట్టి మోసుకెళ్లే ఖర్చు కూడా రాదని వదిలేస్తారు. 7 అంటే మిగతావన్నీ.

ఇక మనం తరచూ పొరపాటు పడేవి ఇవి:

చిప్స్, బిస్కెట్ ప్యాకెట్లు: లోపల వెండిలా మెరిసే ఈ ప్యాకెట్లలో ప్లాస్టిక్, లోహపు పొరలు అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయడం కష్టం, ఖర్చు. ఎక్కువగా సిమెంట్ ఫ్యాక్టరీల బట్టీల్లో ఇంధనంగా వాడతారు, లేదంటే యార్డులో పడి ఉంటాయి. పొడి చెత్తలోనే వేయండి గానీ, ఇది రీసైకిల్ అవుతుందని మాత్రం అనుకోకండి.

పేపర్ కప్పులు: టీ కారిపోకుండా లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. కాబట్టి మామూలు కాగితంతో కలిపి రీసైకిల్ చేయలేరు. వేడి పానీయం 100 మిల్లీలీటర్లు అందులో 15 నిమిషాలు ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు చేరుతున్నట్టు ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో వెల్లడించారు.

అరిటాకు బొమ్మ ప్లేట్లు: ఫంక్షన్లలో కనిపించే ఆకుపచ్చ ప్లేట్లలో చాలావరకు కాగితంపై ప్లాస్టిక్ పొర అతికించినవే. అసలు అరిటాకు, విస్తరాకు తడి చెత్తలోకి వెళ్తే, ఇవి వెళ్లకూడదు.

పిజ్జా పెట్టె: నూనె పట్టిన అడుగు భాగాన్ని చింపి తడి చెత్తలో వేయండి. శుభ్రంగా ఉన్న మూతను పొడి చెత్తలో వేయండి.

సూపర్ మార్కెట్ బిల్లు: నున్నగా ఉండే ఈ థర్మల్ కాగితంపై రసాయన పూత ఉంటుంది. పాత పేపర్ల కట్టలో కలపకండి.

బయోడిగ్రేడబుల్ కవర్లు: వీటిలో చాలా రకాలు ప్రత్యేక కంపోస్ట్ కేంద్రాల్లో ఉండే వేడికే కుళ్లుతాయి, ఇంటి కుండీలో కుళ్లవు. మామూలు ప్లాస్టిక్‌తో కలిస్తే ఆ సరుకునూ పాడుచేస్తాయి.

గుడ్డలా కనిపించే సంచులు: బట్టల దుకాణాల్లో ఇచ్చే నాన్ వోవెన్ సంచులు నిజానికి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. అంచు లాగి చూడండి. అసలు గుడ్డకు దారాలు ఊడతాయి, దీనికి ఊడవు.

చెత్త ఎత్తే చేతుల గురించి ఆలోచించారా?

వేరు చేయాలనడానికి పర్యావరణం కంటే ముందున్న కారణం ఒకటుంది. పగిలిన గ్లాసు, వాడిన బ్లేడు, ఇన్సులిన్ సూది కవర్ లోపల కనిపించవు. ఆ కవర్‌ను ఎత్తి, నొక్కి, విప్పే మనిషికి అవి చేతిలో దిగాకే తెలుస్తాయి.

పగిలిన గాజును దళసరి పేపర్లో చుట్టి, పైన ‘గాజు’ అని రాయండి. సూదులను, బ్లేడ్లను గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి. షుగర్ ఉన్నవారి ఇంట్లో ఇందుకు ఒక ఖాళీ సీసా ఎప్పుడూ ఉంచుకోవడం మంచిది. ప్యాడ్లు, డైపర్లను పేపర్లో చుట్టి ఎర్ర పెన్నుతో పెద్ద చుక్క పెట్టండి. పుణెలో ‘రెడ్ డాట్’ పేరుతో ఈ పద్ధతిని ప్రచారం చేశారు. చుక్క చూడగానే దాన్ని విప్పాల్సిన అవసరం లేదని కార్మికులకు అర్థమవుతుంది.

ఫోన్లు, పవర్ బ్యాంకుల లిథియం బ్యాటరీలను అసలే చెత్తలో వేయకండి. వాహనంలో నలిగినప్పుడు ఇవి మంటలు రేపుతాయి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు, బ్యాటరీలకు 2022 నాటి ప్రత్యేక నిబంధనలున్నాయి. వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీ సంస్థలదే. కొత్త ఫోన్, ఇన్వర్టర్ బ్యాటరీ కొనేటప్పుడు పాతది తీసుకుంటారా అని దుకాణంలో అడగండి. గడువు తీరిన మందులను టాయిలెట్‌లో వేసి నీళ్లు పోయకండి. అవి చివరికి చెరువుల్లో, నదుల్లో తేలతాయి.

‘మేం వేరు చేసినా ఆటోలో కలిపేస్తున్నారు కదా?’

ఈ మాట చాలా కాలనీల్లో వినిపిస్తుంది. చాలాచోట్ల నిజం కూడా. అయితే ఈసారి ఆటోను కాస్త గమనించండి. పక్కన, వెనకాల సంచులు వేలాడుతుంటాయి. వాటిలో సీసాలు, అట్టలు, డబ్బాలు వేసుకుంటారు. వాటిని అమ్ముకుంటే కార్మికులకు నాలుగు డబ్బులు వస్తాయి. మీరు శుభ్రంగా, విడిగా ఇచ్చిన పొడి చెత్త గుట్టలో కలవదు. నేరుగా ఆ సంచిలోకి వెళ్తుంది. సాంబారు పట్టిన సీసాను మాత్రం ఎవరూ ఏరుకోరు.

అయినా కలిపేస్తున్నారనిపిస్తే మీ చేతిలో మూడు మార్గాలున్నాయి.

ఒకటి, పొడి చెత్తను రోజూ ఇవ్వకండి. కడిగి ఆరబెట్టినది వాసన రాదు కాబట్టి వారం, పది రోజులు ఇంట్లో ఉన్నా ఇబ్బంది లేదు. ఒకేసారి ఎక్కువ మొత్తంలో, విడి సంచిలో ఇస్తే దానికి విలువ ఉంటుంది. లేదా పాత పేపర్లు కొనేవాళ్లకో, స్క్రాప్ దుకాణానికో నేరుగా అమ్మేయండి.

రెండు, ఆటో కార్మికులతో మాట్లాడండి. ఏది విడిగా ఇస్తే వాళ్లకు పనికొస్తుందో అడగండి. మీ ప్రాంతంలో ఏ రకం ప్లాస్టిక్‌కు గిరాకీ ఉందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మూడు, ఆటోలో విడి అరలు లేకపోతేనో, వేరు చేసినవి మీ కళ్లముందే కలుపుతుంటేనో నగరపాలక సంస్థ యాప్‌లో ఫొటోతో సహా ఫిర్యాదు చేయండి. వేరు చేసి ఇవ్వడం ఎంత మీ బాధ్యతో, వేరుగా తీసుకెళ్లడం అంతే వాళ్ల బాధ్యత. ఒక్క ఇంటి ఫిర్యాదు కంటే కాలనీ సంక్షేమ సంఘం పేరుతో వెళ్తే స్పందన త్వరగా ఉంటుంది.

అపార్ట్‌మెంట్ వాళ్లకు అదనంగా ఏముంది?

రోజుకు 100 కిలోలు లేదా అంతకంటే ఎక్కువ చెత్త వచ్చే సముదాయాలను నిబంధనలు భారీ ఉత్పత్తిదారులుగా పరిగణిస్తాయి. ఇంటికి కిలో చొప్పున వేసుకున్నా 100 ఫ్లాట్లున్న సముదాయం ఈ లెక్కలోకి వచ్చేస్తుంది. ఇలాంటి చోట్ల తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగా మార్చుకోవాలి. మీ సంఘం తర్వాతి సమావేశంలో అడగాల్సిన ప్రశ్న ఇదే: మన తడి చెత్త ఎక్కడికి వెళ్తోంది?

సొంతంగా చేయాలనుకుంటే బాల్కనీలో ఒక పాత బకెట్ చాలు. చుట్టూ, అడుగున రంధ్రాలు పెట్టి కింద పళ్లెం ఉంచండి. అడుగున ఎండుటాకులు, పైన తొక్కలు, మళ్లీ ఎండుటాకులు లేదా కొబ్బరి పొట్టు. ఇలా పొరలుగా వేస్తూ అప్పుడప్పుడూ పుల్లటి మజ్జిగ చల్లండి. వారానికోసారి కలియబెట్టండి. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం, మరికొన్ని ఎండుటాకులు వేయండి. మొదట్లో మాంసం, నూనె కూరలు వద్దు. బకెట్ నిండాక రెండు నెలల్లోపు మట్టి వాసన వచ్చే నల్లటి ఎరువు తయారవుతుంది.

అసలు ప్లాస్టిక్ రాకుండా చూసుకోలేమా?

ఎంత బాగా వేరు చేసినా, రీసైకిల్ కానిది కానిదే. కాబట్టి అది ఇంట్లోకి రాకుండా ఆపడమే మేలు.

ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, ఫోర్కులు, ప్లేట్లు, గ్లాసులు, ప్లాస్టిక్ పుల్ల ఉన్న ఇయర్ బడ్స్, బెలూన్ పుల్లలు, అలంకరణ థర్మకోల్, స్వీటు డబ్బాలపై చుట్టే పల్చని పొర ఇందులో ఉన్నాయి. చేతి కవర్లైతే 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చగా ఉండకూడదు. కూరగాయల బండి దగ్గర వేలితో నొక్కితే చిరిగిపోయే కవర్ కచ్చితంగా నిషేధంలో ఉన్నదే.

అయినా అవి దొరుకుతూనే ఉన్నాయి. మనం చేతులూపుకుంటూ వెళ్లినంత కాలం అమ్మేవాళ్లు ఇస్తూనే ఉంటారు. అందుకే ఇవి పాటించి చూడండి:

బండి డిక్కీలో రెండు గుడ్డ సంచులు మడిచి పెట్టుకోండి. ఇంటి దగ్గర ఉన్న సంచి దారిలో పనికిరాదు.

టిఫిన్ సెంటర్‌కు, కర్రీ పాయింట్‌కు స్టీలు క్యారియర్ తీసుకెళ్లండి. వేడి సాంబారు పల్చటి కవర్లో కట్టించుకోవడం ఆరోగ్యానికీ మంచిది కాదు.

మాంసం, చేపలు కొనడానికి మూతున్న డబ్బా పట్టుకెళ్లండి.

ఫుడ్ యాప్‌లో చెంచాలు, టిష్యూలు వద్దనే ఆప్షన్‌ను మర్చిపోకుండా ఎంచుకోండి.

ఇంట్లో శుభకార్యమైతే చిన్న నీళ్ల సీసాల బదులు 20 లీటర్ల క్యాన్లు, స్టీలు గ్లాసులు పెట్టించండి. 300 మంది వచ్చే ఫంక్షన్‌లో ఒక్కొక్కరికి రెండు సీసాలు లెక్కేసినా 600 సీసాలు తగ్గుతాయి.

ఇవన్నీ ఆచరణలో సాధ్యమేనా అంటే, రోజూ వేలాది మంది వచ్చే తిరుమల కొండపై ప్లాస్టిక్ నీళ్ల సీసాలను నిషేధించారు. భక్తులు రాగి, స్టీలు సీసాలు తెచ్చుకుంటున్నారు, లేదా గాజు సీసాలో కొనుక్కుంటున్నారు. మొదట్లో ఇబ్బంది అనిపించినా ఇప్పుడది అలవాటైపోయింది.

ఇంకొక్క మాట. మిగిలిన ప్లాస్టిక్‌ను వీధి చివర కాల్చేయడం పరిష్కారం కాదు. ఆ పొగలో డయాక్సిన్ల వంటి విష పదార్థాలుంటాయి. బహిరంగంగా చెత్త కాల్చితే రూ.5,000, భారీగా కాల్చితే రూ.25,000 జరిమానా విధించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016లోనే ఆదేశించింది.

రేపటి నుంచి ఎలా మొదలుపెట్టాలి?

అన్నీ ఒకేసారి మార్చాలనుకుంటే మూడో రోజుకే విసుగొస్తుంది. మొదటి వారం తడి, పొడి వేరు చేయడం ఒక్కటే చేయండి. రెండో వారం పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టడం మొదలుపెట్టండి. మూడో వారం బాత్‌రూమ్‌లో చిన్న డబ్బా, ఎర్ర పెన్ను, బ్యాటరీలు, మందులకు అట్టపెట్టె. ఇంట్లో వంట చేసేవాళ్లకు, పని మనిషికి, పిల్లలకు ఏది ఎందులో వేయాలో ఒకసారి చూపించండి. ఒక్కరు చేసి మిగతావాళ్లు కలిపేస్తే శ్రమంతా వృథా.

నెల తిరిగేసరికి ఒక తేడా మీకే కనిపిస్తుంది. తడి చెత్త డబ్బా తప్ప రోజూ బయట పెట్టాల్సింది పెద్దగా ఉండదు, డస్ట్‌బిన్ వాసనా తగ్గుతుంది. పొడి చెత్త సంచి నిండిన రోజు ఆటో వచ్చినప్పుడు దాన్ని గేటు దగ్గర వదిలేయకుండా, ‘ఇందులో అన్నీ కడిగినవే’ అని చెప్పి చేతికివ్వండి.